పదకొండు నిమిషాల వెనక

బూట్ల కంపెనీలో అతని ఉద్యోగం నడవడం. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి, కొత్త జత తొడుక్కుని, నడక హాల్లో సాయంత్రం ఐదున్నర దాకా తిరగాలి. హాలు చుట్టూ ఒక బాట ఉండేది. కొంత దూరం సిమెంటు, తర్వాత చెక్క, ఆ తర్వాత కంకర, చివర ఎప్పుడూ తడిపి ఉంచే పలకలు. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని చాలామందికి తెలియదు. మనం షాపులో బూట్లు తొడుక్కుని నాలుగడుగులు వేసి, అద్దంలో కాళ్ళు చూసుకుని, ఇవి కట్టివ్వండి అంటాం. మనకంటే ముందు ఎవరో ఒకాయన అలాంటి జతనే అడుగు అట్ట చిరిగేదాకా నడిచి చూశాడని ఎవరు తలుచుకుంటారు? కంపెనీలో అందరూ అతన్ని నడకాయన అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ప్రతి జతకీ ఒక ఫారం ఉండేది. మడమ జారుతోందా, అడుగు అట్ట వంగుతోందా, చప్పుడు చేస్తోందా, కరుస్తోందా. ఆఖరి గడిలో నడకాయన మూడేళ్ళుగా 'లేదు' అనే రాస్తున్నాడు. ఏ బూటూ అతన్ని కరవలేదు. మడమ మీద బొబ్బ లేచి, చితికి, మేజోడుకి నెత్తురంటుకుంటే ఇంటికెళ్ళాక కూతురు చూసి చెప్పేది. అతను వంగి చూసి, "అవును, నెత్తురే" అనేవాడు.

చప్పుడు గడి నింపడానికి మాత్రం కాసేపు ఆగాల్సి వచ్చేది. ఎందుకంటే నడకాయన అడుగుల చప్పుడు అతనికి పదకొండు నిమిషాల వెనక వచ్చేది. అతను బాట తిరిగి వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. సూపర్‌వైజరమ్మ గోడ గడియారం చూసుకుని, "టీ తాగొచ్చు" అనేది. టీ అయ్యేసరికి ఖాళీ బాట మీద సిమెంటు దగ్గర మొదలయ్యేది చప్పుడు. టక్కు టక్కుమంటూ వచ్చి, చెక్క మీద బోలుగా మారి, కంకరలో నలిగి, పలకల మీద కిచకిచలాడి బల్ల దగ్గర ఆగేది. సూపర్‌వైజరమ్మ చెవి ఒగ్గి విని, ఎడమది కిర్రుమంటోంది అని రాసుకునేది.

"అన్నా, నువ్వు కూర్చున్నావు గానీ నీ బూట్లు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. వాటికి ఓవర్‌టైం అడుగు," అనేవాడు అట్టలకి జిగురు పూసే అతను. జిగురాయన ఈ మాట వారానికి రెండుసార్లయినా అనేవాడు. నడకాయన ప్రతిసారీ నవ్వాల్సిన చోట నవ్వేవాడు.

ఇది భార్య పోయినప్పటి నుంచి. మొదట్లో ఒక అడుగు, రెండడుగులు వెనకబడిందేమో ఎవరూ పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి పదకొండు నిమిషాల దగ్గర స్థిరపడింది. వీధిలో కొంచెం ఇబ్బందిగా ఉండేది. వెనక ఎవరో వస్తున్నారని తెలిస్తే కదా ముందువాళ్ళు పక్కకి తప్పుకునేది. అతను ఒక్కొక్కరి భుజం దగ్గరికి వచ్చి "కొంచెం దారి" అనాల్సి వచ్చేది, వాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. పదకొండు నిమిషాల తర్వాత ఎవరూ లేని చప్పుడుకి అదే వీధిలో జనం పక్కకి తప్పుకునేవారు.

ఇంటి దగ్గర ఇబ్బంది వేరు. వాళ్ళ వాటా మూడో అంతస్తులో. చప్పుడు మెట్లెక్కి వచ్చేసరికి తలుపు వేసి ఉంటే తెల్లారేదాకా వసారాలో తచ్చాడేది. పై వాటావాళ్ళు, ఎదురు వాటావాళ్ళు వచ్చి, "ఏమండీ, మీ నడక బయటే ఉండిపోయింది" అని మర్యాదగానే చెప్పారు, రెండోసారి అంత మర్యాదగా చెప్పలేదు. నడకాయన స్వయంగా తలుపు తీస్తే అది లోపలికి వచ్చేది కాదు. ఎవరో ఒకరు ఎదురొచ్చినట్టు తియ్యాలి. అలా తీసే మనిషి ఇంట్లో ఒక్కతే, కూతురు. ఆరున్నరకి నాన్న వచ్చేవాడు. ఆమె అతనికి మంచినీళ్ళిచ్చి, మళ్ళీ తలుపు దగ్గర నిలబడేది. ఆరూ నలభై ఒకటికి చప్పుడు వచ్చేది. లోపలికి రానిచ్చి, గడియ పెట్టి, అప్పుడు టీకి నీళ్ళు పెట్టేది. ఇంట్లో అతను ఉత్తి కాళ్ళతో తిరిగేవాడు కాబట్టి మిగతా పొద్దంతా గొడవ లేదు.

కూతురికి ఇరవై ఆరేళ్ళు. రైల్వేలో టికెట్ కలెక్టరుగా ఎంపికైనట్టు ఆ నెల మొదట్లో ఉత్తరం వచ్చింది. వారానికి నాలుగు రోజులు దూరపు రైళ్ళలో పని. వచ్చేదీ లేనిదీ నెలాఖరు శనివారంలోగా రాసి పంపాలి, లేకపోతే జాబితాలో తర్వాతి పేరుకి వెళ్ళిపోతుంది. ఆమె ఆ పరీక్ష రాయడం మూడోసారి. వయసు దాటిపోతుంది గనక నాలుగోసారి లేదు.

"మరి తలుపో?" అంది కూతురు, ఉత్తరం చదివి వినిపించాక.

నడకాయన ఆలోచించాడు. ఆలోచించడం అంటే గోడ వైపు చూడడం. "నీ ఇష్టం అమ్మా," అన్నాడు.

"నా ఇష్టం సంగతి కాదు నాన్నా. వారానికి నాలుగు రోజులు నీ నడక వసారాలో పడుంటుంది. ఈసారి ఇంటివాళ్ళు మన సామాను కూడా వసారాలో పెట్టిస్తారు."

"సరే అయితే," అన్నాడు. దేనికి సరే అన్నాడో ఆమె అడగలేదు. ఉత్తరాన్ని గడియారం వెనక పెట్టింది.

అదే వారం కంపెనీలో ఫారాలు మారాయి. కొత్త ఫారం మొత్తం ఇంగ్లీషులో అచ్చయింది. మనుషులు ఒకేలా నడవరని ఎవరో పెద్దాయనకి తెలిసొచ్చినట్టుంది, ఇకమీదట ప్రతి జతనీ ఎనిమిది రకాల నడకల్లో చూడాలన్నారు. ఎనిమిది క్రియాపదాలు ఒకదాని కింద ఒకటి. సూపర్‌వైజరమ్మ డిక్షనరీ తెచ్చి ఒక్కొక్కటే చదివి చెప్పింది. మార్చ్ అంటే సిపాయిల్లా. లింప్ అంటే కుంటుతూ. ట్రడ్జ్ అంటే అలిసిపోయి కాళ్ళీడ్చుకుంటూ. ఈ ట్రడ్జ్‌కి నడకాయన ప్రత్యేకంగా చెయ్యాల్సిందేమీ లేకపోయింది. లేచి మామూలుగా నడిచాడు. సూపర్‌వైజరమ్మ అక్కడికక్కడే సరే అని గీత పెట్టేసింది.

ఎనిమిదోది సాంటర్.

"తీరిగ్గా నడవడం అని ఉంది పెద్దాయనా," అంది సూపర్‌వైజరమ్మ.

అతను మెల్లగా నడిచాడు.

"ఇది ట్రడ్జే కదా."

ఇంకా మెల్లగా నడిచాడు.

"అన్నా, శవం వెనక నడుస్తున్నట్టుంది," అన్నాడు జిగురాయన. అని, నాలిక కరుచుకున్నాడు. నడకాయన మాత్రం అది పనికొచ్చే మాటే అన్నట్టు తలూపి, ఈసారి చేతులు ఊపుతూ నడిచాడు. అలా రెండు రోజులు ప్రయత్నించాక, అతని ఇంటి కింద వాటాలో ఉండే ఇంగ్లీషు టీచరమ్మని అడగమని సూపర్‌వైజరమ్మే సలహా ఇచ్చింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళలో ఈవిడా ఒకతె.

టీచరమ్మ నాలుగేళ్ళుగా మంచం దిగలేదు. తుంటి విరిగి అతకలేదు. మంచం వీధి కిటికీ పక్కన వేయించుకుని, పోయేవాళ్ళ అడుగులు వింటూ పడుకునేది. పగలల్లా తలుపు తెరిచే ఉండేది. నడకల పదాలు నేర్పడానికి నడవలేని మనిషిని మించినవాళ్ళు లేరని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు ఎవరికీ అలా తోచలేదు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఆవిడొక్కతే, అంతే.

"నిన్ను నేను రోజూ రెండుసార్లు చూస్తానయ్యా," అంది ఆవిడ, అతను కుర్చీలో కూర్చోగానే. "ముందు నువ్వు వెళ్తావు, ఆనక నీ అడుగులు వెళ్తాయి. వాటి మర్యాద వాటిది అని వాటికీ ఒక నమస్కారం పెడుతుంటాను. ఏమిటి నీకొచ్చిన కష్టం?"

అతను పదం చెప్పాడు.

"అర్థం తెలుసా?"

"తీరిగ్గా నడవడం అంట."

"అది డిక్షనరీ రాసినవాడి తొందర. అర్థం నేను చెప్పను. ఆ పదం పెట్టి వాక్యాలు రాసుకురా. అది ఎక్కడ ఇముడుతుందో, ఎక్కడ ఇమడదో అదే చెబుతుంది."

మర్నాడు నడకాయన పైన ఇంట్లో బూట్లు విడిచి, ఉత్తి కాళ్ళతో దిగి, మూడు వాక్యాలు తెచ్చాడు. ఇంగ్లీషు అతనికి స్కూల్లో చదువుకున్నంత వచ్చు. టీచరమ్మ ఎర్ర పెన్సిలు చెవి మీంచి తీసింది.

"అతను బస్సు అందుకోవడానికి సాంటర్ చేశాడు. అందిందా బస్సు? అందదు. కొట్టేస్తున్నాను. అతను ఆస్పత్రికి సాంటర్ చేశాడు. ఎవరిని చూడ్డానికయ్యా? శత్రువునా? కొట్టేశాను. అతను కంపెనీలో రోజూ తొమ్మిది గంటలు సాంటర్ చేస్తాడు." ఇక్కడ ఆవిడకి నవ్వొచ్చింది. "జీతమిచ్చి చేయించేది సాంటర్ కాదు."

"మరి ఫారంలో ఉందండీ."

"కంపెనీవాళ్ళకి కూడా ఎవరో ఒకరు పాఠం చెప్పాలి. ముందు నీ సంగతి చూద్దాం."

తెలుగులో దానికి సరిపోయే మాట కోసం కాసేపు ఇద్దరూ వెతికారు. పచార్లు అంటే కాదు. పచార్లు చేసేవాడి బుర్రలో ఏదో తిరుగుతుంటుంది. షికారు దగ్గరగా వస్తుంది గానీ, షికారుకి ముందే అనుకుని, తల దువ్వుకుని బయలుదేరుతారు. తచ్చాడ్డం అంటే ఒక గుమ్మం దగ్గర ఏదో పని ఉండి లోపలికి వెళ్ళలేకపోవడం. ఇలా ఒక్కో మాటా తీసి చూసి పక్కన పెడుతుంటే, బయట మెట్ల మీద నడకాయన చప్పుడు మూడో అంతస్తుకి ఎక్కుతూ వినిపించింది. పైన తలుపు తీసిన శబ్దం, వేసిన శబ్దం.

"మీ అమ్మాయి తీసింది," అంది టీచరమ్మ. "రైలు ఉద్యోగం సంగతి ఏం చేసింది?"

"నెలాఖరు శనివారం దాకా టైముంది. వద్దని రాస్తుందనుకుంటా."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

టీచరమ్మ అతని మొహం వైపు చూసి, పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుంది. "రేపు ఇంకో మూడు రాసుకురా."

అలా రెండు వారాలు గడిచాయి. ముప్పై వాక్యాలు రాశాడు, ముప్పైకీ ఎర్ర గీతలే. వాటన్నిట్లో మనిషి ఎక్కడికో ఒక చోటికి చేరడానికే నడుస్తున్నాడు. "నీ వాక్యాల్లో ప్రతివాడికీ పనుంది," అని విసుక్కుంది టీచరమ్మ. నడకాయన విసుక్కోలేదు, సిగ్గుపడలేదు. కొట్టేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని మెట్లెక్కేవాడు.

నెలాఖరు గురువారం నాడు ఒక్కటే వాక్యం రాసుకొచ్చాడు. టీచరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. అతను ఇంటికి సాంటర్ చేశాడు, అప్పటికే ఆలస్యమైపోయింది.

పెన్సిలు కాగితం మీద ఆగింది గానీ గీత పడలేదు.

"ఇది ఎవరి గురించి?"

నడకాయన కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. వేరే ఎవరి సంగతో చదివి వినిపిస్తున్నట్టు చెప్పాడు. మూడేళ్ళ కింద ఒకరోజు పని పెందలాడే అయిపోయింది. ఎండ బాగుంది. ఒక స్టాపు ముందే బస్సు దిగాడు. వీధిలో ఇద్దరు మనుషులు బీరువా అంత నిలువుటద్దాన్ని అడ్డంగా పట్టుకుని మోసుకెళ్తున్నారు. అద్దంలో ఆకాశం, మేడల పైకప్పులు, తలకిందులుగా ఒక కరెంటు స్తంభం. ముందువాడికి తుమ్మొచ్చింది. అద్దం ఊగింది, మేఘాలన్నీ ఒక పక్కకి ఒరిగాయి. వెనకవాడు తిట్టాడు. నడకాయనకి నవ్వొచ్చింది. ఆ అద్దం వెనకాలే రెండు సందులు తిరిగాడు, ఊరికే. వాళ్ళు ఒక ఇంట్లోకి వెళ్ళిపోయాక ఇంటికొచ్చాడు. వంటింట్లో భార్య కుర్చీలో ఉంది, తల బల్ల మీద ఆనించి. ప్రాణం పోయిందని డాక్టరు చీటీలో వేసిన టైముకీ, అతను గుమ్మంలో అడుగుపెట్టిన టైముకీ మధ్య పదకొండు నిమిషాలు.

టీచరమ్మ పెన్సిలు మళ్ళీ వాక్యం మొదటికి తెచ్చింది. ఆవిడ ఓదార్చే మనిషి కాదు. నలభై ఏళ్ళు పిల్లల నోటుపుస్తకాలు దిద్దింది, అదే చేసింది.

"అద్దం వెనక నడుస్తున్నప్పుడు, ఆలస్యమవుతోందని నీకు తెలుసా?"

"తెలీదండీ."

"సరిగ్గా చెప్పు. వాక్యం దాని మీద ఆధారపడి ఉంది. ఏ కొంచెమైనా తెలిసుంటే ఇక్కడ ఈ పదం పనికిరాదు. పరిగెత్తాడు అని రాయాలి, లేదా భయపడి ఆగిపోయాడు అని రాయాలి. సాంటర్ కొట్టేస్తాను."

నడకాయన ఆలోచించాడు. ఈసారి గోడ వైపు చూడలేదు.

"కొట్టెయ్యొద్దండీ," అన్నాడు. "తెలీదు."

ఆవిడ వాక్యం పక్కన టిక్కు పెట్టింది. "ముప్పై ఒక్క వాక్యాల్లో వాడకం తెలిసినవాడు రాసింది ఇదొక్కటే," అని కాగితం తిరిగి ఇచ్చింది. అప్పుడే బయట మెట్ల దగ్గర చప్పుడు వినిపించింది. టీచరమ్మ మంచం పక్కన ఉన్న గడియారం చూసింది. "ఇవాళ నీ అడుగులు తొమ్మిది నిమిషాలకే వచ్చాయి. దారిలో ఎవరైనా తోశారేమో."

శనివారం పొద్దున కూతురు గడియారం వెనకనుంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. పక్కన తెల్లకాగితం, కవరు. "సాయంత్రం ఏడింటి టపాకి వెయ్యాలి నాన్నా. నువ్వు వచ్చాక రాస్తాను," అంది. ఏమని రాస్తుందో ఇద్దరికీ తెలుసు.

కంపెనీలో సూపర్‌వైజరమ్మ కొత్త జత ఇచ్చింది. గోధుమ రంగు తోలు, తాళ్ళకి మూడు జతల కన్నాలు. ఏడు నడకలూ అయ్యాయి. ఎనిమిదోది వచ్చేసరికి నడకాయన బాట దగ్గరే నిలబడిపోయాడు.

"ఇది ఇక్కడ కుదరదు మేడమ్. జీతమిచ్చి చేయించేది సాంటర్ కాదంట."

"ఎవరన్నారు?"

"టీచరమ్మ గారు."

సూపర్‌వైజరమ్మకి చిన్నప్పటి భయమేదో గుర్తొచ్చినట్టుంది. ఫారం వైపు, బాట వైపు చూసి, "సరే, ఆ జతతోనే ఇంటికి వెళ్ళండి. సోమవారం వచ్చి గడి నింపుదురు గాని," అంది.

"బూట్లకి షికారు పెట్టారన్నమాట. నా జిగురు డబ్బాని కూడా ఒకరోజు సినిమాకి తీసుకెళ్ళండి మేడమ్," అన్నాడు జిగురాయన.

నడకాయన ఒక స్టాపు ముందే బస్సు దిగాడు. మూడేళ్ళలో ఆ వీధికి రాలేదు. ప్రత్యేకంగా చూడ్డానికి ఏమీ లేదక్కడ. ఒకామె మేడ మీంచి దుప్పటి దులుపుతోంది. దుమ్ము ఎండలో నిలబడి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు కాసేపు అక్కడే తిరిగి, పక్కవాళ్ళ కిటికీలోకి వెళ్ళింది. అతను అది పూర్తయ్యేదాకా చూశాడు. సైకిలు షాపువాడు చక్రాన్ని గాల్లో తిప్పి ఎంతసేపటికి ఆగుతుందో చూస్తున్నాడు. ఇతనూ చూశాడు. మలుపు దగ్గర ముందు ఇద్దరు ముసలమ్మలు దారినిండా నడుస్తున్నారు. అలవాటు కొద్దీ "కొంచెం దారి" అనబోయాడు. అతను నోరు తెరవకముందే వాళ్ళలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, రెండో ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. అతను వాళ్ళని దాటాడు. దాటి చాలా దూరం వెళ్ళాక, ఎందుకు తప్పుకున్నారా అనుకున్నాడు.

టీచరమ్మ కిటికీ దాటుతుంటే లోపల రేడియో శబ్దం తగ్గింది. ఆవిడ పిలవలేదు.

మూడో అంతస్తులో కూతురు వంటింట్లో గ్లాసులు కడుగుతోంది. మెట్ల మీద చప్పుడు విని గబగబా చేతులు తుడుచుకుని తలుపు తీసి పట్టుకుంది. వసారా మలుపు వైపు చూడనైనా లేదు. మూడేళ్ళుగా ఆ చప్పుడులో చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. చప్పుడు వచ్చిందంటే నాన్న వచ్చి పదకొండు నిమిషాలైందన్నమాట. నీళ్ళివ్వలేదే అనుకుంటూ తలుపు వదిలేసి లోపలి గదిలోకి పరిగెత్తింది.

"నాన్నా, ఎప్పుడొచ్చావు? అలికిడే లేదు."

గదిలో ఎవరూ లేరు. కుర్చీ ఖాళీ. తువ్వాలు పొద్దున ఆరేసిన చోటే ఉంది. ఆమె బాత్‌రూం తలుపు కొట్టింది. వంటింట్లోకి తొంగి చూసింది. మళ్ళీ ముందు గదిలోకి వచ్చేసరికి అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక అడుగు లోపలికి వేశాడు. వేసిన అడుగు వేసినప్పుడే వినిపించింది.

ఇద్దరూ నేల వైపు చూశారు. అతను రెండో అడుగు వేశాడు.

కూతురు వచ్చి అతని వెనక తలుపు వేసింది. గడియ పెట్టి, చెయ్యి గడియ మీదే ఉంచి కొంచెంసేపు నిలబడింది. ఆరూ నలభై ఒకటి అయింది. వసారాలో ఏమీ లేదు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుని, తెల్లకాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టింది.

"ఎప్పటి నుంచి రమ్మన్నారు?" అన్నాడు అతను.

"ఒకటో తారీకు. మొదటి రైలు పొద్దున ఆరింటికి."

"స్టేషనుకి నేను వస్తాలే."

ఆమె కవరు అంటించింది. అతను కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడానికి వంగాడు. సగంలో చేతులు ఆగిపోయాయి. మొహం చిట్లించి, మడమ దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఎడమది కరుస్తోందమ్మా," అన్నాడు.